జెనీవాలో ‘చూద్దాం’

పోయిన సంచికలో అనువాదం కష్టాల గురించి జవాబు రాస్తూ ‘2012లో ఐక్యరాజ్య సమితిలో మన దేశ మానవ హక్కుల సమీక్ష చూడటానికి జెనీవా వెళ్లినప్పుడు’ అని మాటవరసకు ఒక ముక్క రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అక్కడికెందుకు వెళ్లారు, మన దేశాన్ని ఎవరో కూర్చోబెట్టి అడగడమేమిటి, దానివల్ల ఒరిగిందేమిటి అని. అందుకని ఈసారి గులాబీ మొక్కల తెగుళ్లు, పింఛను ఫారాలు పక్కన పెట్టి ఈ ఒక్క సంగతే చెబుతాను. మొక్కల వాళ్లు ఏమనుకోకండి, వచ్చే సంచికలో రాస్తాను.

*ప్రతి దేశం మానవ హక్కుల రికార్డునూ ఐక్యరాజ్య సమితి సమీక్షిస్తుందని కోచింగ్‌లో చెప్పారు. యూపీఆర్ అని నోట్సులో రాసుకున్నాను. మార్కులు వేస్తారా? మన ర్యాంకు ఎంత?*
*— గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి, నల్లగొండ*

మార్కుల్లేవు, ర్యాంకూ లేదు తల్లీ. పాసూ ఫెయిలూ కూడా లేవు. అందుకే దాన్ని అర్థం చేసుకోవడం కొంచెం కష్టం.

తెలుగులో దీన్ని సార్వత్రిక ఆవర్తన సమీక్ష అంటున్నారు. నోరు తిరగదు కాబట్టి మనం యూపీఆర్ అనే అందాం. 2006 మార్చి 15న సమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసి మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేసింది. ఇందులో 47 సభ్య దేశాలుంటాయి. అంతకుముందున్న మానవ హక్కుల కమిషన్‌కు పెద్ద చెడ్డపేరే ఉండేది. కొన్ని దేశాల్ని ఏరి నిలదీస్తారు, అండ ఉన్నవాళ్ల జోలికి పోరు అని. ఆ మాట పడకూడదనే కొత్త ఏర్పాటులో వంతులు పెట్టారు. సమితిలోని 193 దేశాలూ, చిన్నదీ పెద్దదీ అని లేకుండా, తమ వంతు వచ్చినప్పుడు వచ్చి కూర్చోవాలి. మొదటి విడతలో నాలుగేళ్లకోసారి వంతు వచ్చేది, ఆ తర్వాత నాలుగున్నరేళ్లకు మార్చారు. ఏడాదికి మూడు సమావేశాలు జరుగుతాయి, ఒక్కో సమావేశంలో 14 దేశాలు వస్తాయి.

అడిగేది జడ్జీలు కాదు, నిపుణులూ కాదు. మిగతా దేశాలు. పెళ్లిలో బంతి భోజనాలు చూశావు కదా, ఈ బంతిలో వడ్డించినవాడు తర్వాతి బంతిలో విస్తరి ముందు కూర్చుంటాడు. ఇదీ అంతే. ఈరోజు నిన్ను అడిగిన దేశాన్ని రేపు నువ్వు అడుగుతావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టే మాటలు అంత మర్యాదగా ఉంటాయి. ఒక్కోసారి మరీ మర్యాదగా ఉంటాయి.

సమీక్షకు ముందు మూడు కాగితాలు తయారవుతాయి. ఒకటి ప్రభుత్వం తన గురించి తాను రాసుకున్న నివేదిక. రెండోది సమితి సంస్థలు, కమిటీలు ఆ దేశం గురించి ఇప్పటికే చెప్పినవాటిని కూర్చింది. మూడోది ఆ దేశంలోని సంఘాలు, కమిషన్లు పంపినవాటి సారాంశం. నా పని ఈ మూడోదాంట్లోనే. సమీక్ష నడవడానికి చీటీలు తీసి మూడు దేశాల్ని ఎంపిక చేస్తారు. ఆ ముగ్గురినీ ట్రోయికా అంటారు. నీ పరీక్షలో అడగడానికి అవకాశం ఉంది, గుర్తుపెట్టుకో.

ఒక్కో దేశానికి మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు సమీక్షకు వచ్చిన దేశానివి, 140 నిమిషాలు మిగతావాళ్లవి. మన దేశం వంతు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది: 2008 ఏప్రిల్ 10, 2012 మే 24, 2017 మే 4, 2022 నవంబరు 10. చివరిసారి 130 దేశాలు మాట్లాడాయి. 140 నిమిషాల్ని 130 మందికి పంచితే తలా ఒక నిమిషం, పైన నాలుగు సెకన్లు. ఆ నిమిషంలోనే నమస్కారం, మెచ్చుకోలు, సిఫార్సు అన్నీ అయిపోవాలి.

సిఫార్సు అంటే మన దగ్గర ఎమ్మెల్యే గారి లెటరు గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. ‘మీరు ఫలానాది చేస్తే బాగుంటుంది’ అని ఒక దేశం ఇంకో దేశానికి చెప్పడం. మనకు 2008లో వచ్చినవి 18. తర్వాత 169, ఆ తర్వాత 250, 2022లో 339. వాటిలో 2012లో 67, 2017లో 152, 2022లో 221 ఒప్పుకున్నాం. లెక్క చూస్తే ఒప్పుకునేవి పెరిగాయి, 100కు 40 నుంచి 65 దాకా వచ్చాయి. ఇది చూసి సంతోషపడే ముందు ఒక పని చెయ్యి. ఆ సిఫార్సుల్లో క్రియాపదాలు చూడు. నేను ముప్పై ఏళ్లు అనువాదం చేసినదాన్ని, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. ‘కొనసాగించండి’ అన్నది ఒప్పుకోవడానికి కష్టమేముంది? ‘పేదరికంపై పోరాటం కొనసాగించండి’ అంటే ఏ ప్రభుత్వం కాదంటుంది? ‘పరిశీలించండి’ అన్నది అంతకంటే తేలిక. ‘రద్దు చేయండి’, ‘సంతకంతో ఆగకుండా ఆమోదించండి’ అన్నవి వచ్చినప్పుడు చూడాలి జవాబు ఏమొచ్చిందో.

ఇంకో మాట. యూపీఆర్‌లో ‘తిరస్కరించాం’ అనే జవాబు ఉండదు. ఒప్పుకుంటే ‘సమర్థిస్తున్నాం’, లేకపోతే ‘గమనించాం’. మొదటిసారి దీన్ని తెలుగు చేయాల్సి వచ్చినప్పుడు ఒక పూటంతా కూర్చున్నాను. గమనించాం అంటే చదివేవాళ్లు అదేదో మంచిదే అనుకుంటారు. చివరికి మా అమ్మ దారి చూపించింది. సినిమాకు తీసుకెళ్లమని అడిగితే ఆవిడ ఏనాడూ కుదరదు అనేది కాదు. ‘చూద్దాంలే’ అనేది. మాకందరికీ దాని అర్థం తెలుసు.

*తమ చేతులకు ఇంత నెత్తురు అంటించుకున్న దేశాలు మనల్ని అడగడమేమిటి? మన ఇంటి సంగతి మనం చూసుకోలేమా? రెండు వందల ఏళ్లు మనల్ని దోచినవాళ్లు మనకు నీతులా?*
*— విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, తెనాలి*

మాస్టారూ, మీ కోపం నాకు అర్థమైంది. కాని ఒక తేదీ చూడండి. 2008 ఏప్రిల్ 10న మన దేశంతో పాటు అదే రోజు సమీక్షకు కూర్చున్న ఇంకో దేశం ఏదో తెలుసా? బ్రిటన్. మనల్ని అడిగేవాళ్లే అడిగించుకున్నారు కూడా.

రాకుండా ఎగ్గొట్టిన వాళ్లూ ఉన్నారు. 2013 జనవరిలో ఇజ్రాయెల్ రాలేదు. మిగతా దేశాలు నచ్చజెప్పుకుంటే ఆ అక్టోబరులో వచ్చింది. 2025 నవంబరులో అమెరికా కుర్చీ ఖాళీగా ఉంది. మన దేశం మాత్రం నాలుగుసార్లూ ప్రభుత్వ పెద్ద లాయర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. 2012లో అటార్నీ జనరల్ వహనవతి గారు, 2017లో ముకుల్ రోహత్గీ గారు, 2022లో సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా గారు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా వెళ్లారు. ఆ విషయంలో నాకు గౌరవమే.

ఇక ‘మన ఇంటి సంగతి’ అన్న మాట. ఆ మాట సమితిలో మన ముఖం మీదే ఒకరు అన్నారు, మనమే కాదని వాదించి గెలిచాం. 1946లో, మనకింకా స్వాతంత్ర్యం కూడా రాకముందు, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద తెచ్చిన చట్టాల గురించి మన దేశం సమితిలో ఫిర్యాదు పెట్టింది. విజయలక్ష్మీ పండిట్ గారు మన బృందానికి నాయకురాలు. ఇది మా ఇంటి వ్యవహారం, సమితికి సంబంధం లేదు అంది దక్షిణాఫ్రికా. ఆ డిసెంబరు 8న సర్వసభ్య సభ మన వైపే తేల్చింది. ఆ దేశంలోని నాటాల్ ప్రాంతపు భారతీయుల్లో చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల మనవలూ ఉన్నారు. ఇంటి గుట్టు అన్న వాదన ఆరోజు నెగ్గి ఉంటే వాళ్ల గతేమిటి?

మీరు ఇంగ్లీషు చెప్పారని రాశారు కాబట్టి మీకు నచ్చే సంగతి ఇంకొకటి. 1948 మానవ హక్కుల ప్రకటన చిత్తుప్రతి మొదటి అధికరణంలో ‘మెన్’ అనే మాట ఉండేది, మగవాళ్లు అనీ అర్థం వచ్చేలా. అలా కుదరదు, ‘హ్యూమన్ బీయింగ్స్’ అని రాయాలి అని పట్టుబట్టింది అక్కడ మన దేశ ప్రతినిధి హంసా మెహతా గారు. ఒక్క మాట కోసం అంత పట్టుబట్టిన ఆవిడ ఫొటో నా టేబులు అద్దం కింద చాలా కాలం ఉంది.

కాబట్టి ఆ ఇల్లు ఎవరో కట్టి మనల్ని బోనెక్కించింది కాదు మాస్టారూ. దాని గోడల్లో మన ఇటుకలూ ఉన్నాయి.

*మా తమ్ముణ్ని దొంగతనం అనుమానంతో స్టేషనుకు తీసుకెళ్లి రెండు రోజులు కొట్టారు. తర్వాత కేసు లేదని వదిలేశారు. నడవలేకపోతున్నాడు. జెనీవాకు ఉత్తరం రాస్తే పట్టించుకుంటారా అక్కా? అడ్రసు చెప్పండి.*
*— ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా*

అమ్మా, ముందు తమ్ముణ్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లు. దెబ్బలన్నీ కాగితం మీదికి ఎక్కించు, ఫొటోలు తియ్యి, తేదీ వెయ్యి. మిగతాదంతా దాని తర్వాతే.

యూపీఆర్ ఒక్కరి ఫిర్యాదు వినే చోటు కాదు. అక్కడ దేశం మొత్తం సంగతే మాట్లాడతారు. సమితి కమిటీలకు ఒక్కరుగా ఫిర్యాదు పెట్టుకునే దారి ఒకటుంది కాని, దానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మన దేశం 1979 ఏప్రిల్ 10న చేరింది గాని, ఫిర్యాదులకు తలుపు తెరిచే అనుబంధ పత్రంలో చేరలేదు. చిత్రహింసల మీద సమితి నియమించిన ప్రత్యేక నివేదకులు ఒకరుంటారు. వారు ఏ దేశానికైనా ఉత్తరం రాసి అడగగలరు. ప్రయత్నించవచ్చు, ఖర్చు లేదు. కాని నీకు దగ్గర్లో ఉన్న తలుపులు ముందు తట్టు.

ఒకటి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 15100కు ఫోన్ చెయ్యి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. రెండు, స్టేషన్లలో కెమెరాలు పెట్టి రికార్డులు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. ఆ రెండు రోజుల రికార్డు చెరిపేయకుండా ఉంచమని వెంటనే రాతపూర్వకంగా అడగమని లాయరుతో చెప్పు. ఆలస్యం చేస్తే ‘కెమెరా పని చేయలేదు’ అనే జవాబు వస్తుంది. మూడు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ గాని, ఢిల్లీలోని జాతీయ కమిషన్ గాని. రెండింట్లో ఒక్కచోటే పెట్టు. రాష్ట్ర కమిషన్ ముందున్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు. జరిగి ఏడాది దాటితే మాత్రం తీసుకోరు, అది మర్చిపోకు.

కమిషన్లు ఏం చేస్తాయిలే అంటారు. వాటికీ సిఫార్సు చేసే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు, నిజమే. అయినా ఒక సంగతి చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ల మీద మన పౌరహక్కుల సంఘం వాళ్లు జాతీయ కమిషన్ పుట్టిన కొత్తలోనే ఫిర్యాదులు పెట్టారు. 1996 నవంబరు 5న కమిషన్ వాటి మీద ఉత్తర్వు ఇచ్చింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే దాన్నెలా నమోదు చెయ్యాలి, విచారణ ఎవరు చెయ్యాలి అన్నది అందులో ఉంది. 1997 మార్చిలో అప్పటి అధ్యక్షులు జస్టిస్ వెంకటాచలయ్య గారు దాన్నే అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ రాసి పంపారు. మన జిల్లాల నుంచి పోయిన కాగితాలే దేశం మొత్తానికి పద్ధతి తెచ్చాయి. పద్ధతి పాటిస్తున్నారా అంటే అది వేరే ఉత్తరం.

నీ ఫోన్ నంబరు ఉత్తరంలో ఉంది. ఆదివారం పొద్దున చేస్తాను.

*యూపీఆర్ మామూలు మనుషులు వెళ్లి చూడొచ్చా? ఎంత ఖర్చవుతుంది?*
*— చిరు వ్యాపారి, రాజమహేంద్రవరం*

సమితి గుర్తింపు ఉన్న సంఘం తరఫునైతే పాసు ఇస్తారు. ఊరికే పోతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఖర్చు పెట్టకండి. సమితి వెబ్ టీవీలో సమీక్షలన్నీ లైవ్ వస్తాయి, పాతవీ ఉంటాయి, ఉచితం. జెనీవాలో కాఫీ ధర చూశాక నాలుగు రోజులూ నేను ఊరి నుంచి తీసుకెళ్లిన అటుకులతోనే గడిపాను.

*మీరు చెప్పే వెబ్ టీవీలో 2022 సమీక్ష చూశాను. దేశం తర్వాత దేశం, ముందు అభినందనలు, తర్వాత ఏదో ఒక ముక్క. అంతా డ్రామాలా అనిపించింది. మీకు అక్కడ కూర్చున్నప్పుడు అనిపించలేదా?*
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్*

అనిపించింది బాబూ. అక్కడ కూర్చున్న మొదటి గంటలోనే అనిపించింది.

అసలు నేనెలా వెళ్లానో చెప్పాలి. అప్పట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థకు తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చిపెట్టేదాన్ని. 2011 చివర్లో కొన్ని సంఘాలు కలిసి జెనీవాకు ఉమ్మడి నివేదిక పంపాలనుకున్నాయి. ఊళ్ల నుంచి వచ్చిన వాంగ్మూలాలు రెండు ట్రంకు పెట్టెలు నిండాయి. సమితి నియమం ఏమిటంటే, ఉమ్మడి నివేదిక 5,630 మాటలు దాటకూడదు. ఒక్క సంఘమే పంపితే 2,815. మీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు కుదించడం మీటతో పని. ఇక్కడ మనుషుల మాటలు. ఒక్కో వాంగ్మూలం వాక్యానికి వచ్చేది, వాక్యం సగానికి. రాత్రి పదింటికి మాటలు లెక్కపెట్టుకుంటూ, ఎవరి కష్టంలో నుంచి మూడు మాటలు తీసేద్దామా అని చూసేవాళ్లం. ఇలాంటివన్నీ కలిపి సమితి ఆఫీసు పది పేజీల సారాంశం చేస్తుంది. అందులో పేరాల్లో ఉమ్మడి నివేదిక పంపిన సంఘాల పేర్లు కూడా ఉండవు, జేఎస్ (జాయింట్ సబ్‌మిషన్, అంటే ఉమ్మడి నివేదిక) అని పెట్టి పక్కన ఒక అంకె వేస్తారు.

టికెట్టు కొని మరీ నన్ను పంపారు, అక్కడ ఎవరైనా కాగితం అడిగితే చెప్పడానికి తెలిసినదాన్నని. ట్రామ్ దిగగానే ఎదురుగా మూడు కాళ్ల కుర్చీ, మూడంతస్తుల ఎత్తున. నాలుగో కాలు విరిగినట్టు చేశారు, మందుపాతరలకు కాళ్లు పోయినవాళ్ల కోసం. లోపల తోటలో నెమళ్లు తిరుగుతున్నాయి. సమావేశం గది పైకప్పు చూసి మాత్రం ఆగిపోయాను. స్పెయిన్ చిత్రకారుడు మికెల్ బార్సెలో చేసింది. బొర్రా గుహల్లో పైనుంచి రాళ్లు వేలాడతాయే, వాటికి రంగులు పూసి తలకిందులుగా చిమ్మినట్టు ఉంటుంది. చెవుల్లో పెట్టుకునే యంత్రంలో ఆరు భాషలు వస్తాయి. మన భాష లేదనుకోండి. వెనక వరసల్లో మా కుర్చీలు. సంఘాలవాళ్లు అక్కడ నోరు విప్పకూడదు. నెలల తర్వాత మండలి సమావేశంలో ఆ నివేదికను ఆమోదించే రోజు సంఘాలన్నిటికీ కలిపి 20 నిమిషాలు ఇస్తారు, అంతే.

డ్రామా అన్నారు. దానికి పెద్ద ఉదాహరణ మొట్టమొదటి సమావేశంలోనే ఉంది. 2008 ఏప్రిల్‌లో ట్యునీషియా వంతు వస్తే, మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకున్నారు. మూడేళ్లు తిరగకుండా, 2011 జనవరిలో, అక్కడి జనమే వీధుల్లోకి వచ్చి తమ అధ్యక్షుడు బెన్ అలీని దేశం దాటించారు. స్నేహితులు లైనులో ముందుగా నిలబడి పొగుడుతారు, ఇది అందరికీ తెలిసిన కిటుకే. పెళ్లిచూపుల్లో మన వైపు చుట్టాలు మన పిల్ల గురించి చెప్పేలాగే.

మన బృందం కూర్చున్నప్పుడు నేను ఒక్క మాట కోసం చూస్తున్నాను: చిత్రహింసలు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద మన దేశం 1997 అక్టోబరు 14న సంతకం పెట్టింది. సంతకం పెట్టడం నిశ్చితార్థం, ఆమోదించడం పెళ్లి. ఆ పెళ్లి ఈరోజుకీ జరగలేదు. 2008లో అడిగితే ప్రక్రియ నడుస్తోంది అన్నారు. 2010 మేలో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది, రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, తర్వాత ఆ లోక్‌సభతోనే పోయింది. 2012లో నా ముందే దేశం తర్వాత దేశం అదే అడిగింది. 2017లో మళ్లీ అడిగితే, చిత్రహింస అన్నది మన సంస్కృతికే పూర్తిగా పరాయిది, ఆమోదించడానికి కట్టుబడే ఉన్నాం అని మన అటార్నీ జనరల్ చెప్పారు. సంస్కృతికి పరాయిదైనప్పుడు వద్దని రాసి ఇవ్వడానికి ఇరవై ఏళ్లెందుకు అని ఇక్కడ టీవీ ముందు కూర్చున్న నేను అడిగాను, మా ఆయన ఒక్కరే విన్నారు. ఆ ఏడాది అక్టోబరులో మన లా కమిషనే 273వ నివేదికలో ఒడంబడికను ఆమోదించమని, చట్టం తెమ్మని చెప్పింది. 2022లో మళ్లీ అదే ప్రశ్న.

ఇదంతా చూశాక డ్రామా అనే తేల్చేయొచ్చు. నేను తేల్చలేదు. ఎందుకంటే ఆ గది లేకపోతే ఈ పేరాలో ఉన్న తేదీలు నా దగ్గర ఉండేవి కావు. ‘ప్రక్రియ నడుస్తోంది’ అని 2008లో అన్న మాట రికార్డులో ఉంది కాబట్టే అది ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టగలుగుతున్నాను. పక్కన నిపుణుల కమిటీల సంగతి చూడండి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద మన నివేదిక 1997లో పరిశీలించారు. తర్వాతిది 2001లో ఇవ్వాల్సింది. ఆ పరిశీలన జరిగింది 2024 జులైలో. నిపుణుల ముందుకు వెళ్లడానికి 27 ఏళ్లు పట్టింది, తోటి దేశాల ముందుకు మాత్రం చెప్పిన రోజుకు వెళ్లాం. దేశాలకూ నలుగురిలో మాట పడటం ఇష్టముండదేమో.

*ఇన్ని సిఫార్సుల వల్ల మన ఊళ్లో ఏ ఒక్కటైనా మారిందా? సూటిగా చెప్పండి.*
*— అంగన్‌వాడీ టీచరు, శ్రీకాకుళం జిల్లా*

సూటిగా చెప్పడం కష్టమమ్మా, కారణం ఇది అని వేలు పెట్టి చూపలేం. మీ పనికి సంబంధించిందే చూడండి. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, మీరంతా పోక్సో అంటారే, దాన్ని రాజ్యసభ 2012 మే 10న, లోక్‌సభ మే 22న ఆమోదించాయి. జెనీవాలో మన సమీక్ష మే 24న. డీఈఓ గారు వస్తున్నారని ముందురోజు బడికి సున్నం వేసినట్టుందని మాతో వచ్చిన ఒకరు నవ్వారు. నేను ఒప్పుకోలేదు. ఆ బిల్లు 2011లోనే పార్లమెంటుకు వచ్చింది, దాని వెనక ఇక్కడివాళ్ల శ్రమ చాలా ఉంది. జెనీవా పుణ్యం అంటే వాళ్లకు అన్యాయం. పిల్లల హక్కుల ఒడంబడికలో 1992లో చేరాం కాబట్టి అటు నుంచీ అడుగుతూ ఉన్నారు, అంతవరకే అనగలను.

మారనివి చెప్పడం తేలిక. భార్యకు ఇష్టం లేకుండా భర్త బలవంతం చేస్తే అత్యాచారంగా చూడండి అన్న సిఫార్సుకు 2017లో ‘గమనించాం’ అన్నారు. 2024 జులై 1న కొత్త నేర చట్టం వచ్చినప్పుడు భర్తకున్న పాత మినహాయింపు అందులోకీ నడిచి వచ్చింది. మరణశిక్ష రద్దుకూ అదే జవాబు. చూద్దాంలే.

ఊళ్లో సంగతి అడిగారు కాబట్టి ఒక ఊరి సంగతి చెబుతాను. ట్రంకు పెట్టెల్లో వాంగ్మూలాల్లో అనంతపురం జిల్లా హమాలీ ఒకాయనది ఉంది. బస్తాలు పోయాయని స్టేషనులో కొట్టారు, కుడి చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. వాంగ్మూలం ఇచ్చింది ఆయన భార్య, నాలుగు పేజీలు. మా నివేదికలో అది ఒక వాక్యమైంది. జెనీవా నుంచి వచ్చిన నెలకు నేను ఆ ఊరు వెళ్లాను, నివేదిక ప్రింటు తీసుకుని. ఆమె చాప వేసి కూర్చోబెట్టి, ‘మా ఆయన సంగతి యాడుంది చదువమ్మా’ అంది.

ఆ వాక్యం చూపించాను. ఇంగ్లీషులో అది చక్కగానే ఉంది. ఒక కార్మికుడు నిర్బంధంలో కొట్టబడ్డాడు, శాశ్వత వైకల్యం పొందాడు అని. ‘కొట్టబడ్డాడు’ అని తెలుగులో పైకి చదవబోతే నోరు రాలేదు. అలా ఎవరంటారు? ‘కొట్టినారు’ అని చదివాను.

‘ఎవరు కొట్టినారని రాసినారు?’ అంది.

ఆ వాక్యంలో కొట్టినవాళ్లు లేరు. మాటలు మించుతున్నాయని నేనే తీసేశాను. ఆ మాటే ఆమెకు చెప్పాను. పేరు కూడా లేదని, అడుగున ఉన్న అంకె చూపించి అదే మీరంతా అని చెప్పాను. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి కొంచెంసేపు చూసింది. తర్వాత ఆ కాగితం నన్నడిగి తీసుకుని, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దూలానికి వేలాడుతున్న సంచిలో వేసింది. లోపల నుంచి ఆయన మజ్జిగ తెచ్చి ఇచ్చాడు, ఎడమ చేత్తో.